లాగే బలం ఉంది, మోసే చోటే లేదు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉంటున్న ఒక పాఠకురాలు పొడుగాటి ఉత్తరం రాశారు. సారాంశం ఇది. తెనాలి వైపు పల్లె నుంచి అత్తమామలు ఆరు నెలలకని వచ్చారు. జులైలో పిల్లలకు స్కూలు సెలవులు. ఆరుగురూ కలిసి అడిలైడ్, పోర్ట్ అగస్టా, కూబర్ పీడీ మీదుగా ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఉలురు కొండ దాకా వెళ్లి రావాలని ఆమె భర్త కోరిక. అందుకోసం తెలిసినవాళ్ల దగ్గర 21 అడుగుల సెకండ్‌హ్యాండ్ కారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) చూసి, వెయ్యి డాలర్లు అడ్వాన్స్ కూడా ఇచ్చేశారు. రెండు ఇరుసులది, పిల్లలకు బంక్ బెడ్లున్నది. దాని ప్లేటు మీద టేర్ (ఖాళీ బరువు) 2,480 కిలోలు, ఏటీఎం (సామానుతో కలిపి దాటకూడని బరువు) 2,980 కిలోలు, ఖాళీగా ఉన్నప్పుడు బాల్ మీద, అంటే కారు వెనక కారవాన్‌ని తగిలించే ఇనుప గుండు మీద, పడే బరువు 190 కిలోలు అని ఉంది. ఇంట్లో ఉన్నది ఏడు సీట్ల డీజిల్ ఫోర్‌వీల్ డ్రైవ్. "నా బండి 3,500 లాగుతుంది. ఇది మూడు వేలు కూడా లేదు. ఇంకా ఐదొందలు మిగులు" అంటారట ఆయన.

కొనేముందు ఒకసారి చూద్దామని గీలాంగ్ దాకా లాక్కెళ్లారు. కారవాన్ వెనక రాక్ మీద నాలుగు సైకిళ్లు. వెనక నీళ్ల ట్యాంకు నిండుగా, ముందు ట్యాంకు ఖాళీగా ఉన్నాయి. 95 వేగంలో ఒక పెద్ద లారీ పక్కనుంచి దాటేసరికి కారవాన్ తోక ఝాడించినట్టు ఊగిందట, కారుని కూడా తనతోపాటు ఊపిందట. ఆ రాత్రి నుంచి ఈమె బాత్‌రూమ్ కాటా మీద ఇంటిల్లిపాదినీ నిలబెట్టి బరువులు రాసుకుంటున్నారు. ఆయన నవ్వుతున్నారు, ఒక్కోసారి విసుక్కుంటున్నారు. అత్తగారేమో "మేం రాకపోతే సరిపోతుందేమో అమ్మా" అంటున్నారు. మామగారిని దారిలో కారవాన్‌లోనే పడుకోబెట్టి తీసుకెళ్తే కారులో బరువు తగ్గుతుందని భర్త ఇంకో ఆలోచన చెప్పారు. "ఆయన లెక్క తప్పా, నాది ఉత్త భయమా? అడ్వాన్స్ పోయినా సరే వద్దనమంటారా?" అని అడిగారు.

మీ వారి లెక్కలో అబద్ధం లేదమ్మా, సగం లెక్క లేదు, అంతే. 3,500 అనేది లాగే బలం. మీ బండికి అది ఉంది. లేనిది మోసే చోటు. ఈ రెండూ వేరని అమ్మేవాళ్లు విడమరిచి చెప్పరు, ప్రకటనలో పెద్దక్షరాల్లో కనిపించేది ఎప్పుడూ మొదటి అంకే.

మీరు బండి పుస్తకం చూసి పంపిన అంకెలివి: ట్యాంకు నిండా డీజిల్ పోసి, మనుషులెవరూ లేకుండా బండి బరువు 2,180. మనుషులు, సామాను, తగిలించిన పరికరాలు అన్నీ కలిపి బండి తన చక్రాల మీద మోయగల గరిష్ఠ బరువు, అంటే జీవీఎం, 2,800. బండీ కారవానూ కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు, అంటే జీసీఎం, 5,900. బాల్ మీద గరిష్ఠం 350. కారవాన్ ప్లేటు మీది ఏటీఎం అంటే సామానంతా సర్దాక విడిగా తూస్తే దాని మొత్తం బరువు దాటకూడని హద్దు.

2,800లోంచి 2,180 తీసేస్తే 620. బండిలో మీకున్న చోటు ఇంతే. ఇప్పుడు మీ బాత్‌రూమ్ కాటా లెక్క తీయండి. ఆయన 84, మీరు 66, పిల్లలు 38, 27, మామగారు 72, అత్తగారు 61. మొత్తం 348. కొన్నాక బండికి తగిలించిన ఇనుప బుల్‌బార్ (ముందు అడ్డుకమ్మీ) 55, టోబార్ (కారవాన్‌ని తగిలించే వెనక కడ్డీ) 30, పైన రూఫ్ రాక్ 25, కలిపి 110. మూడో వరుస సీట్ల వెనక పట్టే చిన్నాచితకా సామాను 40 అనుకుందాం. 498 అయింది. మిగిలింది 122.

ఆ 122లోనే కారవాన్ ముక్కు బరువు కూడా పట్టాలి. మీ వారి లెక్కలో జారిపోయిన సగం ఇదే. బాల్ మీద పడే బరువు కారవాన్‌ది కాదు, కారు మోసేది. డిక్కీలో ఒక మనిషిని కూర్చోబెట్టినట్టే. కారవాన్ సామానుతో 2,850 అయితే, నిలకడగా సాగాలంటే అందులో పదో వంతు, అంటే 285 కిలోలు, బాల్ మీద ఉండాలి. 498కి 285 కలిపితే 783. మీకున్నది 620. కారు 163 కిలోలు అధిక బరువుతో రోడ్డెక్కుతుంది. జీసీఎం వైపు చూస్తే మాత్రం ఇబ్బందేమీ లేదు: బాల్ బరువు కలపని కారు 2,678, కారవాన్ 2,850, కలిపి 5,528. (ఇక్కడ బాల్ బరువుని రెండుసార్లు కలపకండి, చాలామంది చేసే పొరపాటు అదే.) ఇంజను అలిసిపోదు, గేర్‌బాక్స్ బాధపడదు. అందుకే నడిపేవారికి ఏమీ తెలియదు. బాధంతా వెనక ఇరుసుదీ, వెనక టైర్లదీ.

ఇంకో సంగతి. బాల్ వెనక ఇరుసుకి ఇంకా వెనక వేలాడుతూ ఉంటుంది, తక్కెడలాగా. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 2.85 మీటర్లు, వెనక ఇరుసు నుంచి బాల్ దాకా 1.2 మీటర్లు ఉన్న బండిలో, బాల్ మీద 285 పెడితే వెనక ఇరుసు మీద పడేది 285 కాదు, దాదాపు 405. ఆ ఎక్కువైన 120 ముందు చక్రాల మీంచి లేచిపోతుంది. స్టీరింగ్ తేలికవుతుంది, హెడ్‌లైట్లు చెట్ల కొమ్మలు చూపిస్తాయి. పైగా మీ మూడో వరుస సీట్లు సరిగ్గా వెనక ఇరుసు మీదే ఉంటాయి. కాబట్టి డ్రైవర్ తలుపు దగ్గరో బానెట్ కిందో ఉండే ప్లేటూ, పుస్తకమూ చూసి వెనక ఇరుసు హద్దు కూడా రాసుకోండి. జీవీఎం లోపల ఉన్నా వెనక ఇరుసు హద్దు దాటిన బండ్లు చాలానే ఉంటాయి.

"అయితే 3,500 అని ఎందుకు రాశారు?" అని ఆయన అడుగుతారు. నిజంగానే లాగుతుంది, కాకపోతే 3,500 కారవాన్‌కి బాల్ మీద 350 వేస్తే, జీసీఎం లెక్క ప్రకారం కారులో మనుషులకీ సామానుకీ బుల్‌బార్‌కీ కలిపి మిగిలేది 220 కిలోలు. భార్యాభర్తలిద్దరూ టోబారూ ఒక సూట్‌కేసూ, అంతే. పెద్ద బండి కొంటే తీరిపోతుందా అంటే, ల్యాండ్‌క్రూజర్ 300కి కూడా జీవీఎం 3,280, ఖాళీ బరువే 2,500 పైన. మోడల్‌ని బట్టి మోసేది 700 కాస్త అటూ ఇటూ. మీ 783 అందులోనూ పట్టదు. తప్పు బండి ఎంపికది కాదు. ఆరుగురు మనుషులూ మూడు టన్నుల కారవానూ ఒకే ఇరుసు మీదికి వస్తున్నాయి, చిక్కంతా అక్కడుంది.

మామగారిని కారవాన్‌లో పడుకోబెట్టే ఆలోచన ఇక్కడితో వదిలేయండి. నడుస్తున్న కారవాన్‌లో మనుషులు ఉండటం ఆస్ట్రేలియాలో చట్టరీత్యా నేరం. చట్టం సంగతి అటుంచి, అందులో సీటుబెల్టు లేదు, గోడలు పలకలతో కట్టినవి.

ఇక గీలాంగ్ రోడ్డు మీద ఊపు. దీన్ని ఆయనకి నేనో మీరో చెప్పడం కంటే మామగారి చేత చెప్పించండి. ఎడ్లబండికి గడ్డి వేసేటప్పుడు వెనక్కి ఎక్కువ వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడకి ఉరి పడుతుంది, ముందుకి ఎక్కువ వేస్తే మెడలు వాలిపోతాయి. ఇరుసు మీద నిలిపి కొంచెం ముందుకి మొగ్గేలా వేయాలని పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. కారవాన్‌కీ అదే న్యాయం. ఖాళీగా ఉన్నప్పుడు ముక్కు మీద 190. ఇరుసుల మధ్య నుంచి బాల్ దాకా 4.8 మీటర్లు ఉందనుకుంటే, మూడు మీటర్లు వెనక వేలాడిన సైకిళ్లూ రాకూ కలిపి 60 కిలోలు ముక్కుని 37 కిలోల దాకా పైకెత్తుతాయి. ఇరుసుకి మీటరు వెనకున్న 95 లీటర్ల నీళ్లు ఇంకో 20 ఎత్తుతాయి. మిగిలింది 133. అప్పుడు కారవాన్ మొత్తం 2,635. అంటే పది శాతం ఉండాల్సిన చోట ఐదు. లారీ గాలి తగలగానే ఊగకపోతేనే వింత. మీది ఉత్త భయం కాదు. అలాగని ఆ కారవాన్ చెడ్డదీ కాదు, ఆ రోజు సర్దిన తీరు చెడ్డది. సైకిళ్లు వదిలేసి, నీళ్లు ముందు ట్యాంకులో నింపి, బరువైన సామాను కింద, ఇరుసుల దగ్గరా కాస్త ముందుకీ పెడితే అదే కారవాన్ బుద్ధిగా వస్తుంది. ఇనుప సామాను, బియ్యం మూట, గ్రైండర్ లాంటివి వెనక అలమరాల్లోకీ తల పైన గూళ్లలోకీ ఎక్కించకండి.

కానీ గమనించండి, ఊపు తగ్గించడానికి ముక్కు బరువు పెంచితే కారు మీద భారం పెరుగుతుంది. కారుని కాపాడదామని ముక్కు తేలిక చేస్తే ఊపు వస్తుంది. ఈ రెంటి మధ్య మీకు సందు లేదు. ఆరుగురు కూర్చున్నంతసేపూ లేదు.

ఏదైనా నిర్ణయించే ముందు వేబ్రిడ్జికి వెళ్లండి. ఇది వాదన కాదు, కాటా కాబట్టి ఇద్దరిలో ఎవరికీ ఓడిపోయిన బాధ ఉండదు. క్వారీల దగ్గర, చెత్త తీసుకునే కేంద్రాల దగ్గర ఉంటాయి. ఇంటికే వచ్చి చక్రాల కింద పలకలు పెట్టి తూచేవాళ్లూ ఉన్నారు. ట్యాంకు నింపి, అందరూ ఎక్కి, ముందు కారు ఒక్కదాన్నే తూయండి. తర్వాత కారవాన్ తగిలించి, కారు నాలుగు చక్రాలు మాత్రమే పలక మీద ఉండేలా ఆపి తూయండి. జీవీఎంతో పోల్చాల్సింది ఈ అంకెని. దీన్నుంచి మొదటిది తీసేస్తే బాల్ బరువు వచ్చేస్తుంది. అలాగే వెనక చక్రాలు మాత్రమే ఎక్కిస్తే వెనక ఇరుసు. ఆ తర్వాత కారూ కారవానూ కలిపి ఎక్కించి ఒకసారి, కారవాన్ విప్పి ముందు చిన్న జాకీ చక్రంతో సహా దాన్ని ఒక్కదాన్నే ఒకసారి. ప్లేటు మీది టేర్‌ని నమ్మకండి. అది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు బరువు. తర్వాత పాత యజమాని రెండో బ్యాటరీ, సోలార్ పలకలు, పెద్ద గొడుగు పెట్టించి ఉంటే వంద కిలోలు ఊరికే పెరిగి ఉంటుంది. అది మీ 500 కిలోల సామాను వాటాలోంచే పోతుంది. రెండు నీళ్ల ట్యాంకులు నింపితే 190, రెండు గ్యాస్ సిలిండర్లలో గ్యాస్ 18. చూస్తుండగానే సగం అయిపోతుంది.

మీ బాత్‌రూమ్ కాటా కూడా పనికొస్తుంది, ఆయన నవ్వినా సరే. ఒక గట్టి దుంగ తీసుకోండి. ఒక చివర ఇటుక, దాని నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో కాటా. దుంగ పెట్టాక కాటాని సున్నా చేయండి. ఇటుక నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర కారవాన్ ముక్కు బరువంతా ఆనేదాకా జాకీ పిడి తిప్పి ముక్కుని మెల్లగా దించండి. కాటా మీద వచ్చిన అంకెని మూడుతో గుణిస్తే ముక్కు బరువు. చదును నేల మీద, కారవాన్ చక్రాలకి అడ్డు పెట్టి, ముక్కు బాల్ ఎత్తులోనే ఉండేలా చూసి చేయాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

అత్తమామలు విమానంలో రావడం ఒకటి. ఉలురు దగ్గరి ఊరు యులారా పక్కనే విమానాశ్రయం ఉంది. మీరు నలుగురూ కారవాన్‌తో వెళ్తే మనుషులు 215, పరికరాలు 110, సామాను 40, కలిపి 365, మిగిలేది 255. రూఫ్ రాక్ కూడా విప్పేసి, కారవాన్‌ని 2,700కి మించకుండా సర్దితే కారు మొత్తం 2,790 అవుతుంది. హద్దుకి పది కిలోలు లోపల. సరిపోతుంది గానీ ఊపిరాడదు. బుల్‌బార్ కూడా తీసి కంపెనీ బంపర్ బిగిస్తే కారవాన్ 2,850 అయినా 50 కిలోలు మిగులుతుంది. కాకపోతే స్టువర్ట్ హైవే మీద కంగారూల భయం ఉంది కాబట్టి పొద్దు వాలాక బండి నడపననే ఒట్టు పెట్టుకోవాలి. ఉలురు చేరాక క్యాంప్‌గ్రౌండ్‌లో కారవాన్ విప్పేస్తే, ఆరుగురూ అదే కారులో హాయిగా తిరగొచ్చు. 498 కదా, 620 లోపలే. ఇందులో చిక్కల్లా విమానం టికెట్ల ఖర్చు, దారి పొడుగునా తాతా మనవళ్లు కలిసి లేకపోవడం.

రెండోది జీవీఎం పెంచుకోవడం. స్ప్రింగులు, షాకులు మార్చి, రిజిస్టర్ అయిన బండికి విక్టోరియాలో వాస్ అనే పథకం కింద అనుమతి ఉన్న ఇంజనీరు చేత ధ్రువపత్రం తీసుకోవాలి. ఆరుగురితో మీ కారు 2,963 అవుతుంది కాబట్టి పెంచిన హద్దు దానికి తగినంత పైన ఉండాలి, వెనక ఇరుసు హద్దు కూడా కాగితం మీద పెరగాలి. జీసీఎం పెరగకపోయినా మీకు పరవాలేదు, 5,528 దగ్గరే ఉన్నారు. ఆరుగురూ ఈ కారవానూ కలిసి చట్టబద్ధంగా కదలాలంటే ఇదొక్కటే దారి. ఖర్చు వేలల్లో ఉంటుంది. వారంటీ, ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పి రాయించుకోవాలి. జులైలోపు పూర్తవుతుందా అన్నది ఈ వారమే అడిగి తెలుసుకోండి. స్ప్రింగుల్లో గాలి సంచులు పెట్టిస్తే చాలని ఎవరైనా అంటే నమ్మకండి. అవి బండి వెనక భాగాన్ని ఎత్తుతాయి, హద్దుని ఎత్తవు. బరువు పంచే హిచ్ కడ్డీలూ అంతే. ముందు చక్రాలకి కొంత బరువు తిరిగి ఇస్తాయి, స్టీరింగ్ బాగుపడుతుంది, జీవీఎం మాత్రం అలాగే ఉంటుంది.

చిన్న కారవాన్ తీసుకోవడం మూడోది. ఆరుగురు కారులో ఉంటే మిగిలిన 122 కిలోలకి తగ్గది 1,220 కిలోల బండి. అంటే గుడ్డ డేరా విప్పుకునే క్యాంపర్ ట్రైలర్. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు రాత్రిపూట దాన్ని ఎక్కి దిగలేరు. నలుగురి కోసమైతే 2,200 ఏటీఎం ఉన్నది చూసుకోండి. బుల్‌బార్ ఉంచుకున్నా 35 కిలోలు మిగులుతుంది, మీ సంసారానికి రాబోయే ఐదారేళ్లకి అదే సుఖం.

నాలుగోది, ఈసారికి ఏమీ లాగకపోవడం. దారిలో క్యాబిన్లలో దిగుతూ ఆరుగురూ మీ కారులోనే వెళ్లండి. బరువు హద్దులోనే ఉంటుంది, డీజిల్ దాదాపు సగం అవుతుంది, అత్తగారికి స్నానాల గది పక్కనే ఉంటుంది. నన్నడిగితే ఈ సెలవులకి ఇదే మేలు. రానూపోనూ నాలుగున్నర వేల కిలోమీటర్లు, అడ్డగాలులు, 53 మీటర్ల పొడుగు రోడ్ ట్రైన్లు ఉన్న దారిలో కారవాన్ లాగడం నేర్చుకోకూడదు. బల్లరాట్, బెండిగో లాంటి దగ్గరి ఊళ్లకి నాలుగైదుసార్లు వెళ్లొచ్చాక అంత దూరం ఆలోచించండి.

ఏ దారీ పట్టకుండా ఇప్పుడున్నట్టే వెళ్తే ఏమవుతుందంటే, చాలాసార్లు ఏమీ కాదు. అందుకే అంతమంది అలా వెళ్తుంటారు. అయినప్పుడు మాత్రం ప్రమాదం తర్వాత పోలీసులూ ఇన్సూరెన్స్ వాళ్లూ ముందు అడిగేది బరువులే. 163 కిలోలు ఎక్కువని తేలితే క్లెయిము తిరస్కరించడానికి వాళ్లకో కారణం దొరికినట్టే. దాని పక్కన మీ వెయ్యి డాలర్ల అడ్వాన్స్ పెట్టి చూడండి. అమ్మేవాళ్లు తెలిసినవాళ్లే కాబట్టి "తూచాక చెబుతాం" అని గడువు అడగండి, పోయిందనే అనుకోనక్కర్లేదు.

చివరికి కొనడమే అనుకుంటే, మిగతా డబ్బు కట్టేముందు పీపీఎస్ఆర్ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో ఆ కారవాన్ నంబరు కొట్టి దాని మీద అప్పేమైనా ఉందేమో చూడండి, రెండు డాలర్ల పని. నాలుగు చక్రాలకీ బ్రేకులు పనిచేస్తున్నాయా, కారవాన్ కారు నుంచి తెగిపోతే వాటంతటవే పట్టే బ్రేక్‌అవే పిన్ను లాగి చూశారా, గొలుసులు రెండు ఉన్నాయా చూసుకోండి. టోబార్ మీదా కారవాన్ కొక్కెం మీదా ఉన్న హద్దులు చదవండి. అన్నిట్లోకీ చిన్న అంకె ఏదైతే అదే మీ హద్దు. మళ్లీ ఎప్పుడైనా ఊపు మొదలైతే కారు బ్రేకు తొక్కకూడదు, స్టీరింగ్‌తో దిద్దబోకూడదు. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీది మీటతో కారవాన్ బ్రేకులు మాత్రమే మెల్లగా వేయాలి. ఆ మీట ఎక్కడుందో చీకట్లో కూడా చేతికి తగిలేలా ఆయన చేత నాలుగుసార్లు వెతికించండి.

అత్తగారితో మాత్రం ఈ రోజే మాట్లాడండి. ఆవిడ బరువు 61, మీ బుల్‌బార్ బరువు 55. దిగాల్సింది ఎవరో ముందు దాన్నే అడగమన్నానని చెప్పండి.